చౌటి విత్తనం

బడిలో పలక మీద అక్షరాలు దిద్దే తమ్ముళ్ళకూ, గనిలో ఆ పలకరాయి చీల్చే అన్నలకూ కలిపే చెబుతున్నాను. కళ్ళారా చూసిందే చెబుతాను. నచ్చకపోతే లేచిపోండి, మధ్యలో మాత్రం అడ్డం రావద్దు.

రెండో ప్రపంచయుద్ధం మొదలవడానికి నాలుగేళ్ళ ముందు మాట. తర్లుపాడుకు పడమరగా మా ఊరు ఉలవగుంట. ఊరి చెరువుకట్ట తెగితే మునసబు వెంగళరెడ్డి ఊరి బయటి మా పల్లెనంతా పిలిపించాడు. ఎండాకాలమంతా మట్టి మోశాం. కట్ట నిలబడింది. కూలిగింజలు అడగబోతే, చావడి అరుగు మీద పడుకున్నవాడు లేవనైనా లేవకుండా చెరువు దిగువకు చెయ్యి చూపించాడు.

"గింజలేంది రా, భూమే ఇస్తాండా. ఆ దిగువ పన్నెండెకరాలు దున్నుకోండి. మీరు గూడా రైతులైపోయినారు పో!"

అరుగు మీదివాళ్ళు పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వరు? ఆ పన్నెండెకరాలూ చౌడు. ఒకప్పుడు వరి పండిన మాగాణే గానీ, చెరువు ఊట ఏళ్ళ తరబడి దిగి, ఉప్పు పైకి తేలి, నేలంతా తెల్లగా పొక్కిపోయింది. చాకలివాళ్ళు గుడ్డలుతకడానికి ఆ మన్ను తవ్వుకుపోయేవాళ్ళు. మా చెమటకు అదీ కూలి.

మా యోసేపన్న పార భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన భార్య హన్నా వదిన మాత్రం మర్నాడే ఆ చౌట్లోకి దిగి, గట్టు వార నాలుగు ఊద దుబ్బులు చూసి వచ్చింది.

"జొన్న వేస్తే చస్తాది, కొర్ర వేసినా చస్తాది. ఈ ఊద చూడండి, ఎవురూ వెయ్యకుండానే నిలబడింది. దీనికి ఉప్పంటే భయం లేదు," అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా చెబుతున్నా. అయినా ఆమె వెంట పోయాం. గట్లు వేసి తొలకరి నీళ్ళు నిలగట్టి, ఉప్పు కరిగాక వదిలేశాం. జీలుగ చల్లి, పచ్చిగా ఉండగానే మట్టిలో తొక్కాం. ఆ మీదట ఊద. మొదటి ఏడు పండింది చేటెడు. నేల బాగా తెల్లగా ఉన్నచోట పిడికెడు మొక్కలే బతికాయి, అవీ గిడసబారి. హన్నా వదిన విత్తనానికి ఆ గిడస కంకులే ఏరింది.

"బలిసిన కంకి మంచి నేల బిడ్డ, దాన్ని తినేద్దాం. ఇది చౌటి బిడ్డ. రేపు చౌట్లో నిలబడేది ఇదే."

మూడో ఏటికి పన్నెండెకరాల్లో నడుమెత్తు పైరు. ఆ చలికాలం మా పల్లెలో ప్రతి ఇంటా ఊదన్నం ఉడికింది. గంజి కోసం రెడ్డి దొడ్డి ముందు ముంత పట్టుకుని నిలబడనిది మా జన్మలో ఆ ఒక్క ఏడే.

అప్పుడు మా బుద్ధి గడ్డి తినింది. కోత పండుగ వచ్చింది. ప్రథమ ఫలం మా చర్చిగుడికి తీసుకుపోవాలి గదా! ఒక్కో ఇంటికి ఒక్కో కట్ట నెత్తిన పెట్టుకుని, డప్పులు కొట్టి, పాటలు పాడుకుంటూ నడిబజారున పోయాం. సందుల్లోంచి పోదామని యోసేపన్న అంటే ఆడవాళ్ళు విరుచుకుపడ్డారు.

"దేవునికి ఇచ్చేది దొంగతనంగా ఇస్తామా?"

చావడి అరుగు మీద రెడ్డి లేచి కూర్చున్నాడు. కట్టలన్నీ దాటిపోయేదాకా చూశాడు. మా కట్టలు చూసి ఆయన కుళ్ళుకుంటున్నాడని మేము లోలోపల మురిసిపోయాం కూడాను.

మళ్ళీ దుక్కులు మొదలైన రోజున రెడ్డి ఎడ్లు ఎనిమిది మా చేలో దిగాయి.

"అయ్యా, మీరే గదా ఇచ్చినారు!" అన్నాడు యోసేపన్న.

"దున్నుకోమన్నా గానీ, తినమన్నానా రా?"

యోసేపన్న నాగలికి అడ్డంగా పడుకున్నాడు. మధ్యాహ్నానికి పోలీసులు వచ్చి చేతులు విరిచికట్టి తీసుకుపోయారు. మునసబు మీద కొడవలి ఎత్తాడని కేసు. దుక్కికాలంలో కొడవలి ఎందుకు వచ్చిందని అడిగే నాథుడు లేడు.

మా ఇళ్ళల్లో తిండికి దాచిన ఊద ఊడ్చుకుపోయి రెడ్డి ఆ చౌట్లో చల్లించాడు. బలిసిన గింజ! మొలిచింది, జానెడు లేచింది, పసుపు తిరిగి మాడిపోయింది. అసలు విత్తనం హన్నా వదిన కుండలో ఉందని ఎవరి నోటనో జారింది. వెంటనే కబురు వచ్చింది. "ఆ కుండ తెచ్చియ్యండి, యోసేపును విడిపిస్తా."

అప్పటికే జైల్లో యోసేపన్నకు జ్వరం, దగ్గితే రక్తం. పల్లెంతా గుడిలో కూడింది.

"ఇచ్చేద్దాం. చేను పోనే పోయింది, గింజను పట్టుకుని ఏం చేస్తాం?" అన్నాడు పెద్దాయన ఆశీర్వాదం.

కరుణాకరం కుర్రవాడు, రక్తం ఉడుకు మీద ఉంది. "ఏంది తాతా నువ్వనేది? అమ్మ పెట్టా పెట్టదు, అడుక్క తినా తిననియ్యదు, అట్లుంది రెడ్డి యవ్వారం. విత్తనం గూడా ఇస్తే ఇంక పుట్టిన బిడ్డ నుంచి మళ్ళా ఆయన దొడ్డికే."

హన్నా వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. "మీ అందరి ఎముకలు అరిగితే వచ్చిన గింజ ఇది. నా మొగుని కోసం ఇయ్యండని నేనెట్ల అడగాల?"

అందరిలోకీ ముసలిది ఎలీషబా అవ్వ. "గింజ మళ్ళా ఏరుకుంటాం బిడ్డా. మనిషిని యాడ ఏరుకుంటాం?" అంది.

కరుణాకరం తల దించుకున్నాడు. కుండ ఇచ్చేద్దామనే తేలింది.

తెల్లవారి హన్నా వదిన కుండ నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనక మేము డెబ్బై మందిమి. చావడి కింద కుండ దించి చేతులు జోడించింది.

"అయ్యా, మాటిచ్చినారు. చీటీ రాసియ్యండి, పోయి తెచ్చుకుంటాం."

"ముందు కుండ లోపలికి పోనీ," అన్నాడు రెడ్డి.

పక్కనే ఠాణా నుంచి వచ్చిన జవాను ఉన్నాడు. పాపం, వాడూ పేదవాడే, ఉగ్గబట్టుకోలేకపోయాడు. "యాడికి పోతావమ్మా? ఆయప్ప చచ్చిపోయి మూడు దినాలాయె. పూడ్చినారు గూడా. ఆ పొద్దే అయ్యకు చెప్పిపోతి గదా."

రెడ్డి వాణ్ణి కసిరాడు. తర్వాత జీతగాళ్ళ వైపు తిరిగి, "ఏంది చూస్తాండారు, కుండ ఎత్తండి," అన్నాడు.

హన్నా వదిన ఏడవలేదు. కుండను ఒళ్ళోకి లాక్కుని కూర్చుంది. మూత తీసి, గుప్పెడు విత్తనం నోట్లో పోసుకుని నమిలింది.

విత్తనం తినడమంటే ఏమిటో మీకు తెలుసా? కరువులో కడుపున పుట్టినవాళ్ళకు గంజి లేకపోయినా మావాళ్ళు విత్తనపు కుండ మూత తియ్యరు. ఆ మూత ఆమె తీసింది. ఎలీషబా అవ్వ పోయి గుప్పెడు తీసుకుంది. కరుణాకరం తీసుకున్నాడు. ఆశీర్వాదం తాత వలవల ఏడుస్తూ తీసుకున్నాడు. కర్రలు లేచాయి. వీపుల మీద దెబ్బలు పడుతుంటే నములుతూనే ఉన్నాం. పొట్టుతో ఉన్న పచ్చి ఊద, గొంతు గీరుకుపోతుంది, దిగదు. నేనూ తిన్నాను. కుండ అడుగు కనబడేదాకా తిన్నాం.

గెలిచామని చెప్పను. ఆ పన్నెండెకరాలు ఇప్పటికీ తెల్లగానే ఉన్నాయి, మాకూ లేదు, వాడికీ లేదు. మర్నాడు రెడ్డి ఎడ్లు కట్టడానికి పల్లె నుంచి ఒక్కడూ పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. ఆ నెలలోనే ఎలీషబా అవ్వ ఆకలికి పోయింది. ఆమెను పూడ్చి వచ్చిన సాయంత్రం రెడ్డి మనిషి పల్లె మొదట్లో గంజికుండ దింపి, పనికి వచ్చినవాళ్ళకేనని కేకేశాడు. ఎవరూ పోలేదు.