కోడెగుండుకు వెనకదారులు

మా పెళ్లయిన పన్నెండో రోజు మా అత్త భీమక్క గోడమీది క్యాలెండరు దించి, ఆషాఢం మొదలయ్యే తేదీ మీద గుండుసూది గుచ్చింది. ఆ రోజు నుంచి నెలపాటు కొత్త కోడలు అత్తగారి గడప తొక్కకూడదు. నేను ఎమ్మిగనూరులో మా నాన్న మగ్గం పక్కన ఉండాలి. మా ఆయన ఆదోనిలో పత్తి మిల్లు కాటా పక్కన ఉంటారు. మధ్యలో గంట బస్సు ప్రయాణం, అంతే. కానీ సూది గుచ్చిన దగ్గర్నుంచి ఆ గంట రోజురోజుకూ పొడుగవుతున్నట్టు అనిపించింది.

సూదికి ఇటువైపు మూడు ఆదివారాలు మిగిలాయి. వాటిలో ఎక్కడో ఒకచోట నాకు ఒక్క గంట కావాలి, మా ఆయనా నేనూ తప్ప ఎవరూ లేని గంట. ఎందుకంటే, నవ్వకండి, ఆయన్ని పేరు పెట్టి పిలవడానికి.

ఆయన పేరు ఉరుకుందు. రాయడానికి అడ్డేమీ లేదు, పలకడానికే. మొగుడి పేరు ఒక్కసారి పలికితే ఆయన ఆయుస్సులో ఒక రోజు తరుగుతుందని మా అత్త నమ్మకం. పెళ్లినాడు గడప దగ్గర ఆడపడుచులు చేతులు అడ్డం పెట్టి, "పేరు సెప్తేనే లోపలికి" అంటే ఒక్కసారి చెప్పాను. సరిగ్గా అప్పుడే బ్యాండువాళ్లు బూర ఊదారు. నా మాట గడపకు వినబడింది, ఆయనకు వినబడలేదు.

"నీ నోట్లో నా పేరు ఎట్లుంటాదో వినాలని ఉంది వేణీ," అన్నారు ఆయన, ఆ వారంలోనే.

మా అత్త కూడా ఆయన్ని పేరు పెట్టి పిలవదు. ఎందుకంటే అది ఆమె మామగారి పేరు. తాత పేరు మనవడికి పెట్టారు గానీ, కోడలు మామ పేరు ఎలా పలుకుతుంది? అందుకని ఇరవై ఏడేళ్లుగా సొంత కొడుకును "పెద్దోడా" అంటుంది. ఇక మా మామ శేషప్ప ఆమెకు మొగుడు కాబట్టి ఆ పేరూ రాదు. పాపం, ఇంట్లో ఉన్న ఇద్దరు మగాళ్లలో ఒక్కరి పేరూ ఆమె నాలుక ఎరగదు.

చెవిలో మెల్లగా చెప్పొచ్చు కదా అంటారేమో. చెవిలో చెబితే అది చెప్పడం. పిలవడమంటే, అల్లంత దూరాన ఉన్న మనిషి గిరుక్కున ఇటు తిరగాలి. మా రెండు గదుల ఇంట్లో అల్లంత దూరమే లేదు.

అందుకే కోడెగుండు ఎంచుకున్నాం. ఆదోని శివార్లలో మా వీధి వెనకే ఉన్న బుజ్జి కొండ అది. మూడు వందల మెట్లు, పైన ఆంజనేయుడి గుడి, కింద తిక్కయ్య మిరపకాయ బజ్జీల బండి. ఆదివారం ఆ మెట్లమీద మెట్టుకొక చుట్టం, రెండు మెట్లకొక కోతి. కానీ మెట్లే దారి కాదని మా ఆయన చెప్పారు. మెట్లు రాకముందు జనం ఎక్కిన గొర్రెలదారులు, రాళ్లు కొట్టేవాళ్లు నడిచిన దారులు బండరాళ్ల గుండ్ల వెనక ఇంకా ఉన్నాయట. వాటిని పట్టించుకునేవాళ్లే లేరట.

మొదటి ఆదివారం తూర్పువైపు నుంచి ఎక్కాం. ఎంత బాగుందో! సీతాఫలం పొదలు, తంగేడు పూలు, ఒకదానిమీద ఒకటి ఎవరో మరిచిపోయి పోయినట్టు ఏనుగంత గుండ్లు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ప్రతి మొక్కకూ ఆగి దాని శాస్త్రీయ నామం చెప్పాను.

"సెట్ల పేర్లన్నీ పలుకుతాండావు, నా పేరే రాదు," అన్నారు ఆయన.

"ఉండండి, పైన చెబుతా."

గుండు గుండుకూ దారి చీలుతోంది. తిరుగు దారి తెలియాలని ప్రతి మలుపులో మూడు రాళ్లు ఒకదానిమీద ఒకటి పెట్టాం. ఏడు మలుపులు దాటాక గొడుగులాంటి గుండు కింద నున్నటి బండ దొరికింది. నీడ, గాలి, నరమానవుడు లేడు. ఆయన అల్లంత దూరం నడిచి వీపు తిప్పి నిలబడ్డారు. నేను నీళ్లు తాగి, గొంతు సవరించుకుని, నోరు తెరిచాను.

ఫోను మోగింది. ఆదోనిలో సగం వీధుల్లో అందని సిగ్నలు ఆ బండమీద నిండుగా ఉంది.

"యాడుండార్రా పెద్దోడా? బొరుగుల ఉగ్గాని ఆరిపోతాంది!"

పరుగెత్తాం. పర్వాలేదు, చోటు దొరికింది కదా అనుకున్నాం.

రెండో ఆదివారం వెళితే మా మూడు రాళ్ల పక్కన ఇంకో మూడు రాళ్లున్నాయి. రెండో మలుపులో అలాంటి రాళ్ల గూళ్లు ముప్పై. మూడో మలుపులో కుంకుమ, విరిగిన కొబ్బరిచిప్ప. నాలుగో మలుపులో జనం వరుసగా నిలబడ్డారు.

దేవుడి కొండమీద రాళ్లు పేరిస్తే సొంతిల్లు కలుగుతుందని మా వైపు ఎవర్ని అడిగినా చెబుతారు. మేమూ చిన్నప్పుడు పేర్చినవాళ్లమే. అయినా దారి గుర్తుకని పెట్టేటప్పుడు ఆ సంగతి ఇద్దరికీ తోచలేదు. ఎవరూ తిరగని చోట రాళ్లు కనబడేసరికి, ఇక్కడ ఎవరో రహస్యంగా మొక్కి ఇల్లు కట్టేసుకున్నారని తిక్కయ్య బండి దగ్గర తేల్చేశారట.

మా గొడుగుగుండు కింద సీమోను మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఊళ్లో సగం ఇళ్లు కట్టిన మనిషి. చర్చి నుంచి తెల్ల చొక్కాతో నేరుగా వచ్చి జనాన్ని తిడుతున్నాడు.

"పునాది ల్యాకుండా ఏందప్పా ఆ పేర్చడం? అడుగున సిన్నరాయి, పైన పెద్దరాయి! ఇట్లాంటి ఇల్లు దేవుడు ఇచ్చినా నేను కట్టను!"

మా ఆయన ధైర్యం చేసి అన్నారు. "అన్నా, మొదటి రాళ్లు మేమే పెట్టినాం. దారి గుర్తుకు."

మేస్త్రి మమ్మల్ని కిందనుంచి పైదాకా చూశాడు. "ఇల్లొచ్చిందా?"

"ల్యా అన్నా."

"వస్తాది. మూడే రాళ్లైనా కుదురుగా పెట్టినారు. పక్కకు జరుగు, ఈ అన్న రెండంతస్తులకు స్థలం అడుగుతాండాడు."

జరిగాం. జరిగి, జరిగి, పడమటివైపు వెళ్లాం. అక్కడ ముళ్లకంపలు, వాటి వెనక సన్నటి దారి. ఈసారి రాళ్ల జోలికి పోకూడదనుకున్నాం. నా సంచిలో మా నాన్న మగ్గం కింద ఏరుకొచ్చిన ఎర్రనూలు పోగులున్నాయి. పుట్టింటి గుర్తుగా దాచుకున్నవి. మలుపు మలుపుకూ పొదకొక పోగు కట్టుకుంటూ వెళితే, రెండు గుండ్ల నడుమ ఇద్దరు మాత్రమే పట్టే సందు దొరికింది. ఆయన సందు అటు చివర, నేను ఇటు చివర. నోరు తెరిచాను.

సందు పక్క గుండుమీద ఒక కోతి వచ్చి కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"అది పోతే పిలుస్తా," అన్నాను.

"కోతి ముందర సిగ్గేందే?"

"అది గుడి కోతి. రోజూ అత్త చేతిలో అరటిపండు తింటుంది."

నలభై నిమిషాలు చూశాం. కోతి కదల్లేదు. అన్నం వేళ దాటుతోందని మేమే దిగొచ్చాం. దిగేటప్పుడు ఆయన నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కూలబడ్డారు. నేను మూడుసార్లు.

మూడో ఆదివారం పొద్దున నా పెట్టె సర్ది ఉంది. మర్నాడే ఎమ్మిగనూరు బస్సు. ఇవాళ కాకపోతే ఆ పిలుపు నెలరోజులు గొంతులోనే ఉండిపోతుంది. మెల్లగా చెప్పులు వేసుకుంటున్నాం. మా అత్త కొత్త చీర కట్టుకుని గడపలో ఎదురొచ్చింది. చేతిలో పసుపు గుడ్డతో కుట్టిన బుల్లి ఉయ్యాల.

"పదండి కొండకు. పడమటి దిక్కు ఎవురో ఎర్రనూలు కట్టినారంట. సంతానం నూలంట! ఆషాఢం రాకముందే మీరు గూడా కట్టల్ల."

మా ఆయన నా వైపు చూశారు. నేను చెప్పులవైపు చూశాను.

మా మామకు మోకాళ్ల నొప్పి. ఆయన్ని తిక్కయ్య బండి దగ్గర బల్లమీద కూర్చోబెట్టి, మా అత్త మమ్మల్ని మా దారిలోనే, మాకు దారి చూపిస్తూ నడిపించింది. "ఈడ ముల్లుంటాది, భద్రం. ఈడ కుడిపక్కకు తిరగల్ల," అంటూ. ప్రతి పొదా పండగ బట్టలు కట్టుకున్నట్టుంది. ఉయ్యాలలు, గాజులు, ఒకచోట ప్లాస్టిక్ బొమ్మ. ఒకామె ఎర్రనూలు ఉండలు అమ్ముతోంది. "ఎమ్మిగనూరు నూలమ్మా, వేరేది పని సెయ్యదు!" మా సందు ముందు యాభై మంది ఆడవాళ్ల వరుస, పక్కన బండలమీద విసుగ్గా కూర్చున్న వాళ్ల మగాళ్లు. కోతి కూడా ఉంది, పోయినసారి కూర్చున్న చోటే.

మా ఆయన నా చెవి దగ్గరకు వచ్చి, "ఉత్తరం దిక్కు ఇంగో దారుండల్ల. సూసొస్తా. ఈసారి ఏ గుర్తూ పెట్టను," అని గుండు వెనక్కి జారుకున్నారు.

పావుగంట గడిచింది. అరగంట గడిచింది. ఉత్తరాన మబ్బు నల్లగా లేచి, ఒక ఉరుము ఉరిమింది. ఫోను చేస్తే అందుబాటులో లేరంది. గుర్తులు లేని దారి, నున్నటి గుండ్లు, వాన పడితే కాలు నిలవదు. నాకు నవ్వు ఎటో పోయింది.

"పిలువే," అంది మా అత్త.

"ఇదో!" అని అరిచాను.

మా వైపు ఆడవాళ్లు మొగుణ్ని పిలిచేది అలాగే. బండలమీది మగాళ్లందరూ లేచి నిలబడ్డారు. "ఏమే?" "వస్తాండా!" "ఏం కావల్ల?" ఇరవై గొంతులు. అందులో ఆయనది లేదు.

"అట్ల కాదు," అని మా అత్త ముందుకొచ్చింది. "పెద్దోడా! ఓ పెద్దోడా!"

కొండమీద ఎన్ని ఇళ్ల పెద్దకొడుకులున్నారో అందరూ వచ్చారు. ఒకాయనకు డెబ్బై ఏళ్లుంటాయి. "ఎవురమ్మా పిలిచింది?" అన్నాడు ఆశగా.

మళ్లీ ఉరిమింది. మొదటి చినుకు నా చేతిమీద పడింది. మా అత్త నా మొహం చూసింది, మబ్బు చూసింది, చేతిలో ఉయ్యాల చూసింది.

"పిలువే, పేరు పెట్టే పిలువు. ఒక్కరోజు పోతే పోనీ. పిలవకుండా పేరు ఉత్తగా ఉంటే ఏం లాభం?"

నేను రెండు గుండ్ల నడుమ నిలబడి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, మూడు వారాల ఊపిరంతా కలిపి అరిచాను.

"ఉరుకుందూ!"

ఉరుకుందు అంటే మా వైపు దేవుడి పేరు. మా తాలూకాలో ఆ స్వామి పేరు లేని వీధి ఉండదు. మెట్లమీద నుంచి "ఓ!" గుడి ముందు నుంచి "ఎవురూ?" రాళ్ల గూళ్ల దగ్గర నుంచి "వచ్చినా!" బజ్జీల బండి నుంచి "తింటాండా, ఉండు!" నలుమూలల నుంచి ఉరుకుందులు పరుగెత్తుకుంటూ వచ్చారు. లావాటివాళ్లు, సన్నటివాళ్లు, ఒకరు చంకలో కొబ్బరికాయతో. పదకొండు మందిని లెక్కపెట్టాను. అందరూ కంగారుగా వచ్చారు. పన్నెండో ఆయన ఉత్తరపు గుండు పైనుంచి, చొక్కా చిరిగి, మోచేయి గీసుకుపోయి, చెవులదాకా నవ్వుకుంటూ దిగారు.

"దారి తప్పినా వేణీ. నీ గొంతు పట్టుకునే వచ్చినా." తర్వాత మెల్లగా అడిగారు. "ఇంగోసారి?"

"ఇంకో రోజు పోతుంది."

"పోనీ."

వాన ఆ నాలుగు చినుకులతోనే ఆగిపోయింది. పదకొండు మంది ఉరుకుందులు ఒకరినొకరు ఊరూ పేరూ అడిగి, పేరు అడగాల్సిన పని లేదని గుర్తొచ్చి, బజ్జీలకు వెళ్లిపోయారు. వాన భయానికి వరుస కూడా చెదిరిపోయింది. మా అత్త మాత్రం కదల్లేదు.

"మే," అంది నన్ను. "ఎట్లుంటాది?"

"ఏది అత్తా?"

"అదే. పేరు."

"బెల్లం ముక్క నోట్లో వేసుకుని పరుగెత్తినట్టుంటుంది," అన్నాను.

ఆమె ఉయ్యాల నా చేతిలో పెట్టింది. "మీరిద్దరూ ఆ ఉత్తరం దారెమ్మడి పోండి. బిన్నా రావద్దండి, నిదానంగా రండి. నాకు ఈడ పనుంది."

వెళ్లాం. గుర్తులేమీ లేని దారి. పది అడుగులు వేయగానే అలవాటుగా రాయి తీసుకోబోయాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. మలుపు తిరిగితే ఇద్దరం కూర్చోగలిగే బండ ఉంది. అక్కడి నుంచి చూస్తే కింద తిక్కయ్య బండి, బల్లమీద మా మామ తెల్ల తలపాగా కనబడుతున్నాయి. ఆయన అల్లంత దూరం నడిచి, వీపు తిప్పి నిలబడ్డారు. నేను మళ్లీ నోరు తెరిచాను.

నాకంటే ముందు, రెండు గుండ్ల నడుమ నుంచి, ఒక పేరును ముప్పై ఏళ్లు దాచుకున్న గొంతు కీచుమంటూ లేచింది.

"శేషప్పా!"

కింద తలపాగా పైకి లేచింది. మోకాళ్ల నొప్పి మనిషి నిటారుగా నిలబడి, చేతిలో బజ్జీతో అటు చూశాడు, ఇటు చూశాడు, ఆకాశంలోకి చూశాడు.

"ఓ శేషప్పా!"

అప్పుడు ఆయన కొండవైపు తిరిగి, బజ్జీ ఉన్న చెయ్యి పైకెత్తి, "ఓ!" అన్నాడు. మా మామ గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. మెట్లమీది కోతులన్నీ ఒక్కసారి గుండ్లెక్కాయి.

"రెండు రోజులు పోయాయి," అన్నాను నేను.

"నాయన లెక్కపెట్టుకోడులే," అన్నారు మా ఆయన. మళ్లీ వీపు తిప్పి నిలబడ్డారు. "ఊఁ, నువ్వు కానీ."