ఇంజెక్షన్ తర్వాత పావుగంట

"మిషన్ పాడైపోయిందే అమ్మాయ్! కావాలంటే నీ వేలు పొడుచుకుని చూడు" అంది అత్తగారు, రక్తం తుడుచుకున్న దూదిని కోడలి చేతిలో పెడుతూ.

ఆవిడకి పదకొండేళ్లుగా షుగరు. రోజూ పొద్దున్నే ఆ వేలు పొడిచి, అంకె చూసి, మాత్ర చేతికందించే పని కోడలిది. ఆ రోజు అంకె మరీ బుద్ధిగా నూట ఇరవై దగ్గర ఆగేసరికి పెద్దావిడకి అనుమానం వచ్చింది. కోడలు కొత్త సూది తీసి తన వేలు పొడుచుకుంది. మూడు వందల ఎనభై ఆరు! ఇంకేముంది, ఇంట్లో ఒకటే నవ్వులు. "పంచదార డబ్బా ముట్టుకున్న చెయ్యేమో" అంది అత్తగారు. నిజమే, అప్పుడే టీ కలిపి వచ్చింది. సబ్బుతో కడుక్కుని మళ్లీ చూసుకుంటే మూడు వందల తొంభై ఒకటి. "మిషన్ పోయింది, సాయంత్రం కొత్తది తెస్తాలే" అని మొగుడు తేల్చేశాడు. మిషన్‌కి ఏదో అయిందనుకున్నారు గానీ, మనిషికేమైనా అయిందేమోనని ఒక్కరికీ తట్టలేదు. ఉన్నమాట చెప్పాలంటే ఆమెకీ తట్టలేదు.

కొత్త మిషన్ వచ్చింది. అది నాలుగు వందలు దాటించింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఒక్కొక్కటీ. రెండు నెలలుగా ఒకటే దాహం. ఆమె యూనిఫాంలు కుట్టే షాపులో గుడ్డ కత్తిరిస్తుంది, అక్కడ అందరూ కత్తెరమ్మ అంటారు. "ఏం కత్తెరమ్మా, బాత్రూంలో కాపురం పెట్టావా?" అని ఓనరు నలుగురి ముందూ అన్న రోజు నుంచి నీళ్లు తాగడం తగ్గించేసింది. నాలుక పిడచకట్టుకుపోతున్నా తలెత్తకుండా కత్తిరించింది. బట్టలు వదులైపోతుంటే మొగుడు ఎగాదిగా చూసి, "ఇప్పుడు కాస్త చూడ్డానికి బాగున్నావు" అన్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అదే మొదటి మెచ్చుకోలు. ఛీ, దానికి మురిసిపోయింది కూడా! తల్చుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

ఎవరికీ చెప్పకుండా సగం రోజు సెలవు పెట్టి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది.

"కోవిడ్ వచ్చిందా మీకు?"

"మూడు నెలల కిందట. ఇంట్లో ముగ్గురికీ వచ్చింది."

"ఎన్నాళ్లు పడుకున్నారు?"

ఎన్నాళ్లు? వాళ్లిద్దరూ పడుకుంటే ఆమె మాస్కు కట్టుకుని వండింది, కషాయాలు కాచింది, దుప్పట్లు ఉతికింది. జ్వరంతో గోడ పట్టుకుని నడుస్తుంటే, "నీది ఉత్త జలుబేలే, లేచి తిరుగుతున్నావుగా" అన్నాడు మొగుడు. తిరక్కపోతే వాళ్ల నోట్లోకి ముద్ద ఎలా వెళ్తుందో మాత్రం అడగలేదు.

"కడుపు వెనకాల క్లోమం అని ఉంటుందమ్మా, ఇన్సులిన్ తయారుచేసేది అదే. కొందరిలో ఈ వైరస్ దాన్నీ దెబ్బతీయొచ్చంటున్నారు. కోవిడ్ తర్వాత కొత్తగా షుగరు బయటపడ్డవాళ్లున్నారు. మీకూ అందుకేనని ఖాయంగా చెప్పలేను, పరీక్షలు చేసి చూద్దాం. ఇప్పటికైతే ఇన్సులిన్ తప్పదు. పొడుచుకున్నాక పావుగంటలో తినేయాలి. ఆలస్యం చేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వణుకు, చెమటలు వస్తే వెంటనే ఇంత పంచదార నోట్లో వేసుకోండి."

"పావుగంటలోనా?" అంది ఆమె. సూదికి భయపడలేదు, పావుగంటకి భయపడింది. అందరూ తిన్నాక గిన్నెల అడుగున మిగిలింది ఊడ్చుకు తినే మనిషి మరి.

భయపడ్డంతా అయింది. మర్నాడు పొద్దున ఇంజెక్షన్ చేసుకుని కంచం పెట్టుకుందో లేదో, "నా చొక్కా ఇస్త్రీ?" అని కేక. అదయ్యాక, "వేణ్ణీళ్లు ఏవే అమ్మాయ్?" అని ఇంకో కేక. ఆ తర్వాత మొగుడికి భోజనం డబ్బా కట్టాలి. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, కళ్లు బైర్లు కమ్మాయి. వంటింట్లో నేలమీద కూలబడి పంచదార డబ్బాలో చెయ్యిపెట్టి గుప్పెడు తీసి నోట్లో పోసుకుంది. సరిగ్గా అప్పుడే వచ్చాడు మొగుడు. "అమ్మా, చూడవే! షుగరు మనిషి పంచదార బుక్కుతోంది!"

అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఆ నవ్వు వింటూ, వణుకు తగ్గేదాకా ఆమె లేవలేదు. తను పోయినా వీళ్లకి ముందు గుర్తొచ్చేది కట్టని డబ్బానే అని నిక్కచ్చిగా తెలిసిపోయింది. ఏడుపు రాలేదు. విచిత్రంగా ధైర్యం వచ్చింది.

మర్నాడు ఎనిమిదింటికి బల్ల దగ్గర, మొగుడు కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. అందరూ చూస్తుండగానే ఇంజెక్షన్ చేసుకుంది. కూర నిండుగా వడ్డించుకుని తినసాగింది.

"మాకు పెట్టకుండానే తింటున్నావా?" అంది అత్తగారు, నోరెళ్లబెట్టి.

"వంట అయిపోయింది అత్తయ్యా, పొయ్యి మీదే ఉంది."

"నా డబ్బా? ఆఫీసుకి ఆలస్యమైతే ఎవరిదే పూచీ?" మొగుడు గొంతు పెంచాడు.

ఆమె నోట్లో ముద్ద ఉంది. ఎవరైనా పిలిస్తే ముద్ద గుటుక్కున మింగి పరిగెత్తడం ఆమెకి అలవాటు. ఈసారి తొందరపడలేదు. వాళ్లిద్దర్నీ నిలబెట్టి, రుచి తెలిసేలా మెత్తగా నమిలి, మింగి, ఒక గుక్క నీళ్లు తాగి, అప్పుడు చెప్పింది.

"మీదే."