యశోదమ్మ పెట్టిన సంగటి

కృపామణి ఇంటికి వచ్చిన గిన్నె ఏదీ ఖాళీగా తిరిగి వెళ్లేది కాదు. పక్కింటివాళ్లు పులుసు పంపితే, ఆ గిన్నెలోనే వడియాలో రెండు మామిడికాయలో వేసి సాయంత్రంలోగా పంపించేది. భర్త పోయిన పదిహేనేళ్లలో ఎవరి ముందూ చెయ్యి చాచలేదని ఆమెకు గర్వం.

కార్వేటినగరం దగ్గర ఆ పల్లెలో ముప్ఫై కుటుంబాల క్రైస్తవ సంఘం ఉంది. నెలకోసారి ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే ప్రేమవిందుకు వంట ఆమెదే. ఎవరు బియ్యం తెచ్చారో, ఎవరు కూరగాయలు తెచ్చారో, ఎవరు ఏమీ తేలేదో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ జూన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పని నుంచి వస్తూ, బస్సు దిగబోయి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఎముకల కట్టుకు పేరుపొందిన పుత్తూరు తీసుకుపోతే ఆకుపసరు, కోడిగుడ్డు సొన పట్టించిన గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టారు. నెలన్నర చెయ్యి కదపకూడదన్నారు.

సంఘంలోని ఆడవాళ్లు వంతులేసుకుని అన్నం తెచ్చారు. వారం దాటేసరికి ఆమెకు ముద్ద దిగడం మానేసింది. వంటింటి గట్టు మీద ఇతరుల గిన్నెలు పేరుకుపోతున్నాయి. ఒక్కదానిలో కూడా ఏమీ వేసి పంపలేకపోయింది.

"నాకు బాగుండాది. ఇంక తేవద్దండి" అని అందరికీ చెప్పేసి, టీలో బన్ను ముంచుకుని తినసాగింది. ఆదివారం గుడికి పోవడం కూడా మానేసింది. తల దువ్వుకోలేకనే వెళ్లడం లేదని తనకు తాను చెప్పుకుంది గానీ, వడ్డించే చోట ఊరికే కూర్చోవడం ఎట్లాగన్నదే అసలు బాధ.

ఒక పొద్దున వాకిట్లో యశోదమ్మ నిలబడి ఉంది. ఆమెను చూడగానే కృపామణి ముఖం పాలిపోయింది.

యశోదమ్మ ఊరి చివర ఇటుకల బట్టీలో కూలి చేస్తుంది. ఎనిమిదేళ్ల కిందట పదేళ్ల కూతురు కోమలిని వెంటబెట్టుకుని కొన్నాళ్లు గుడికి వచ్చింది. ఒక ప్రేమవిందు నాడు బట్టీలో పని ముగించుకుని, వడ్డన సగమయ్యాక వచ్చి, కూతురితో ఆకు ముందు కూర్చుంది. గరిటె పట్టుకున్న కృపామణి అందరూ వింటుండగా, "ఏమ్మే, చేతులూపుకుంటా వచ్చి కూర్చునేదానికి ఇదేమన్నా సత్రమా?" అంది. యశోదమ్మ లేచి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. మళ్లీ గుడి గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆమె లోపలికొచ్చి, బిందె తీసుకుపోయి నీళ్లు పట్టుకొచ్చింది. ఇల్లు ఊడ్చింది. తర్వాత నూనె సీసా, దువ్వెన తెచ్చి మంచం మీద కూర్చుంది.

"ఇట్ల తిరుగు, అక్కా. జుట్టంతా చిక్కు పడిపోయిండాది."

కృపామణి తిరగలేదు. "నేను నిన్ను అంత మాటన్నా. మర్చిపోయినావా?"

"యాడ మర్చిపోతా? గుర్తుండాది."

"మరెందుకొచ్చినావు?"

"చెయ్యి ఇరిగిందని విన్నా. వచ్చినా."

ఇంకేమైనా అంటుందేమోనని కృపామణి ఎదురుచూసింది.  యశోదమ్మ ఆమె భుజాలు పట్టుకుని తనే తిప్పి, చిక్కులు నొప్పి తెలియకుండా తీసి, జడ అల్లి ముడి వేసింది. ఆ వారమంతా రోజూ వచ్చింది. కృపామణి ఏదైనా ఇవ్వబోతే, "ఆడనే పెట్టుండక్కా" అని వెళ్లిపోయేది.

ఆదివారం కృపామణి గుడికి వెళ్లింది. పాస్టరు జోయల్ ఆ ఊరికి వచ్చి రెండేళ్లే. పాత సంగతులేవీ తెలియవు. ఆ రోజు ఆయన మొదటి కాలపు సంఘాల గురించి మాట్లాడాడు.

"అప్పట్లో విశ్వాసులు ఇళ్లల్లో చేరి కలిసి తినేవాళ్లు. కొరింథు పట్టణంలో ఏమైందంటే, ఉన్నవాళ్లు ముందే వచ్చి కడుపునిండా తినేసేవాళ్లు. పని ముగించుకుని వచ్చేసరికి కూలివాళ్లకు, దాసులకు ఏమీ మిగిలేది కాదు. ఆ సంఘాన్ని స్థాపించిన పౌలుకు అది తెలిసి చాలా కోపమొచ్చింది. ఆ కాలంలో గొప్పవాళ్లు తిరిగి ఏదైనా ఇవ్వగలవాళ్లను చూసుకుని కానుకలిచ్చేవాళ్లు. దేవుడు అట్లా చూడలేదు. ఏ యోగ్యతా లేనివాళ్లకే ఇచ్చినాడు. దాన్నే మనం కృప అంటాం. అది పుచ్చుకున్నవాళ్లలో పెట్టేవాళ్లు వేరు, తినేవాళ్లు వేరు అని ఉండదు."

దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో కృపామణి లేచింది. చెయ్యి బాగవుతోందని చెబుతుందనుకున్నారు అందరూ.

"ఎనిమిదేండ్ల కింద ఈడనే యశోదమ్మను ఆకు ముందర నుంచి లేపేసినాను. అది నా సొంత కూడైనట్టు మాట్లాడినాను. ఇప్పుడు ఆయమ్మే వచ్చి నా తల దువ్వతా ఉండాది." గుడిలో కూర్చున్న అందరి వైపు చూసింది. "ఆ పొద్దు మీరంతా ఇన్నారు. ఒక్కరన్నా నన్ను ఆపలేదు."

 సంఘపెద్ద చిన్నబ్బ తల దించుకుని, "నిజమే. నేను పక్కనే ఉన్నా" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కృపామణి ఇటుకల బట్టీ వైపు బయలుదేరింది. అలవాటు కొద్దీ కొంగులో వడియాలు మూట కట్టుకుంది. గడప దాటాక వెనక్కి వచ్చి, ఆ మూట మంచం మీద పెట్టేసి వెళ్లింది.

బట్టీ పక్కనే ఉన్న తన గుడిసెలో యశోదమ్మ పొయ్యి దగ్గరుంది.

"ఏమీ తేలేదు, యశోదా. ఆకలిగా ఉండాది. ఇంత కూడు పెడతావా?"

యశోదమ్మ ఆమెను ఎగాదిగా చూసి, పీట వేసింది. రాగిసంగటి ముద్ద, పక్కన చెనక్కాయలు నూరి చేసిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. కృపామణి ఎడమచేత్తో తడబడుతుంటే, ముద్దను చిన్నచిన్నగా తుంచి ఇచ్చింది.

"నన్ను క్షమించు, యశోదా."

యశోదమ్మ తుంచుతున్న ముద్దను పళ్లెంలో పెట్టింది. "నన్నన్నదానికి ఏమనుకోలేదక్కా. బిడ్డ ముందర అన్నావు. ఆ పొద్దంతా దానికి ఆకలే. అయినా కూడు పెట్టమని నన్నడగలేదు. అడిగితే నేనూ ఏమన్నా అంటానని బయపడింది."

కృపామణికి దుఃఖం ముంచుకొచ్చింది. నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"తిను, అక్కా" అంది యశోదమ్మ, నీళ్ల చెంబు దగ్గరికి జరిపి. "ఏడుస్తా తింటే దిగదు."

తర్వాతి నెల ప్రేమవిందుకు రమ్మని చిన్నబ్బ స్వయంగా పోయి పిలిచాడు. యశోదమ్మ వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బట్టీలో పని అయ్యే వేళ వరకు ఆకులు వేయకుండా అందరూ ఆగారు. రెండు దాటాక ఆమె వచ్చింది. ఆ రోజు గరిటె జోయల్ పట్టుకున్నాడు. కృపామణి, యశోదమ్మ ఒకే వరసలో కూర్చున్నారు.

కోమలి మాత్రం రాలేదు. తిరుపతిలో నర్సింగు చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు కృపామణి యశోదమ్మ ఇంటికి పోయి, ఆ పిల్లను కూడా క్షమించమని అడిగింది. కోమలి ముఖంలో నవ్వు లేదు. "గుడికి రమ్మని మాత్రం అడగొద్దు, పెద్దమ్మా" అంది.

"అడగను, తల్లీ."

కృపామణి లేవబోతూ కుడిచేత్తో ఊనుకుని "అబ్బా" అంది. కోమలి ఒక్క నిమిషం చూసి, దగ్గరికొచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. మెల్లగా అటూ ఇటూ తిప్పింది.

"కట్టిప్పినాక వేళ్లు కదిలించినావా?"

"నొప్పని వదిలేసినా."

"అట్ల వదిలేస్తే బిగుసుకుపోతాది. కూర్చో, ఎట్ల చేయాల్నో చెప్తా" అని కోమలి పీట ముందుకు జరిపింది.