అమ్మమ్మ చేతులు

మా ప్రసూతి వార్డులో బుధవారం పదకొండు గంటల క్లాసు నాది. నెలలు నిండుతున్న ఆడవాళ్ళు, వాళ్ళ మొగుళ్ళు, అమ్మలు, అత్తలు వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకుంటారు. పాలు పట్టే తీరు చూపించడానికి నేను ఊలు బొమ్మనొకదాన్ని చంకన పెట్టుకుని వెళ్తాను. వెళ్ళగానే నా మొదటి మాట ఒకటే. "కడుపుతో ఉన్నవాళ్ళు హాయిగా కూర్చోండి. మిగతావాళ్ళు చేతులు తొడల కింద పెట్టుకోండి."

అందరూ నవ్వుతారు. నేను నవ్వను. ఆఖరి చెయ్యి కూడా లోపలికి వెళ్ళేదాకా క్లాసు మొదలుపెట్టను. ఒకసారి రిటైరైన పోలీసాయన ఒకరు ససేమిరా అన్నారు. నేను పది నిమిషాలు కిటికీలోంచి చెట్లు చూస్తూ నిలబడ్డాను. చివరికి ఆయన భార్యే విసుగొచ్చి ఆయన చేతులు పట్టుకుని తొడల కిందికి తోసింది.

తర్వాత ఒక మొగుణ్ణి ముందుకు పిలిచి గ్లాసుడు నీళ్ళిస్తాను. ఆయన గ్లాసు పెదవులదాకా తెచ్చుకోగానే వెనకనుంచి తల పట్టుకుని గ్లాసులోకి నొక్కుతాను. ఎంతటివాడైనా తల ఠక్కున వెనక్కి విరుస్తాడు. చొక్కా తడుస్తుంది. అప్పుడు అమ్మల వైపూ అత్తల వైపూ తిరుగుతాను.

"చూశారుగా. ఆయనకి దాహం లేకపోలేదు, గ్లాసులో నీళ్ళు లేకపోలేదు. తల నొక్కితే ఎవరైనా ఇంతే. పాలు పట్టేటప్పుడు బిడ్డ తల వెనక చెయ్యేసి తోస్తే వాడూ ఇలాగే విరుచుకుంటాడు. మీరేమో పిల్లాడికి ఆకలి లేదంటారు, తల్లికి పాలు లేవంటారు. అడ్డం వచ్చింది మీ చెయ్యి."

ఇరవై ఆరేళ్ళుగా ఇదే పాట. కొత్తగా చేరే నర్సులకూ ఇదే. బాలింత దగ్గరికి వెళ్తే చేతులు కోటు జేబుల్లో ఉండాలి. కళ్ళతో చూడు, నోటితో చెప్పు, ఆవిడ అడిగితే తప్ప ముట్టుకోకు. నా వెనకాల నన్ను జేబులమ్మ అంటారని నాకు తెలుసు. అననీ.

ఇంత గొప్పదాన్ని, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఏం చేశానో చెబుతాను.

సొంతవాళ్ళకు పురుడు పోయకూడదని మా వార్డులో నియమం. అందుకని మా అమ్మాయిని నాకన్నా పదేళ్ళు చిన్నదైన నర్సు చూసింది. ఆవిడను మేం కాటా అంటాం. పసిపిల్లల్ని తూచే కాటాను సంచీలో వేసుకుని భుజాన తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది మరి. కాన్పు గది బయట నేను కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కాన్పు సుఖంగానే అయింది. మగపిల్లాడు, సరిగ్గా మూడు కిలోలు.

రెండో రోజు వాళ్ళను ఇంటికి పంపేశారు. నేను వారం సెలవు పెట్టి కూతురి ఫ్లాట్లో దిగాను. అల్లుడు లిఫ్టులు బాగుచేస్తాడు. వాళ్ళుండేది మూడో అంతస్తు, ఆ బిల్డింగులో లిఫ్టు లేదు. నేను మెట్లెక్కిన ప్రతిసారీ ఆయన అదేదో తన తప్పన్నట్టు తల దించుకుంటాడు.

నాలుగో రోజు పొద్దున కాటా వచ్చి మంచం పక్కన బల్ల మీద తన సామాను పరిచింది. మనవణ్ణి బట్టలిప్పి పడుకోబెట్టింది. రెండు కిలోల ఏడువందల ఇరవై.

"రెండువందల ఎనభై తగ్గాడక్కా," అంది నాకేసి చూసి. తర్వాత మా అమ్మాయి పక్కన కూర్చుంది. "కొంత తగ్గడం మామూలేనమ్మా. కానీ వీడు మేం ఒప్పుకునే హద్దుదాకా వచ్చేశాడు. పాలు బాగానే వస్తున్నాయి, వీడే సరిగ్గా పట్టుకోవడం లేదు. రేపు ఇదే టైముకి మళ్ళీ తూస్తా. ఇంకా తగ్గితే డబ్బాపాలు కలుపుదాం. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు."

"లేదనుకోండి," అంది మా అమ్మాయి. కాటా మెట్లు దిగేదాకా ఆగి ఏడ్చింది. "నాకు వీడికి నేనే పట్టాలనుందమ్మా. అంతే. ఇంకేం అక్కర్లేదు నాకు."

ఇక నేను నడుం బిగించాను. గంటన్నరకోసారి పిల్లాణ్ణి లేపడం, అమ్మాయిని కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టడం, వెనక నిలబడి నేను సాయం చేయడం. సాయం అని నేననుకున్నాను. వాడు నోరు తెరవడమే తరువాయి, దగ్గరకు తోయడం. వాడు విల్లులా వెనక్కి వంగి ఇల్లెగిరిపోయేలా ఏడవడం. మధ్యాహ్నానికి ముగ్గురం చెమటతో తడిసిపోయాం.

గుమ్మంలో నిలబడ్డ అల్లుడు కాసేపు నీళ్ళు నమిలాడు. "అత్తయ్యగారూ, మరోలా అనుకోకండి. మా లిఫ్టుల్లో అయితే, బటన్ పదిసార్లు నొక్కినా ఒకసారి నొక్కినట్టేనండీ."

"మీ లిఫ్టుల సంగతి మీరు చూసుకోండి బాబూ," అన్నాను.

ఆయన వంటింట్లోకి తప్పుకున్నాడు. నేను మళ్ళీ చెయ్యి చాచాను.

"అమ్మా," అంది మా అమ్మాయి, మెల్లిగా. "చేతులు."

"నా చేతులకేమైంది?"

"తొడల కింద పెట్టుకో."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏడో నెలలో ఇది నా క్లాసుకొచ్చి, వెనక వరసలో ఫోను చూసుకుంటూ కూర్చుంది. ఒక్క ముక్క వినలేదనుకున్నాను. ఎవరికి చెబుతున్నావే అనబోయి నా కుడిచేతి వైపు చూసుకున్నాను. అది వాడి తల వెనక ఉంది. అయిదు వేళ్ళూ విప్పి, గట్టిగా, తోయడానికి సిద్ధంగా ఉంది. ఏ కొత్త నర్సు చెయ్యి అలా కనబడినా నేను వార్డంతా వినబడేలా కేకలేసి ఉండేదాన్ని.

కిక్కురుమనకుండా వెళ్ళి ఎదురుగా పేము కుర్చీలో కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

"ఇప్పుడు నోటితో చెప్పు," అంది.

చెప్పాను. మంచం మీద దిండ్లు పేర్చుకుని వెనక్కి వాలమన్నాను. పిల్లాణ్ణి వట్టి ఒంటితో తన గుండెల మీద బోర్లా వేసుకోమన్నాను. పడిపోకుండా పిర్రల కింద చెయ్యి ఆనించి, వాడి తలని మాత్రం వాడికే వదిలేయమన్నాను.

వాడికేం తొందర లేదు. ముందు ఓ కునుకు తీశాడు. తర్వాత పిడికిలి నాకాడు. తల ఎత్తాడు, ధబ్బున వాలాడు, మళ్ళీ ఎత్తాడు, అటు వెళ్ళాల్సినవాడు ఇటు వెళ్ళాడు. నా చేతులు ఒకటే దురద. పేము అల్లిక అరచేతుల్లోకి గుచ్చుకుంటోంది. అలా ఊరికే కూర్చోలేక, ఎవరికీ చెప్పని మాట బయటపెట్టాను.

"నువ్వు పుట్టిన మూడో రోజున నర్సు ఒకావిడ నీ తల పట్టుకుని నాకేసి తోసింది. నువ్వు వెనక్కి విరుచుకుని గుక్కపట్టావు. సాయంత్రందాకా అదే తంతు. చివరికి సీసా ఇచ్చారు, నువ్వు గటగటా తాగేశావు. నీకు నేనంటే పడదనుకున్నాను."

అమ్మాయి వాడి వీపు మీద గుడ్డ కప్పింది.

"రెండేళ్ళ తర్వాత నర్సింగులో చేరాక తెలిసింది సంగతేమిటో. అప్పటికి నువ్వు సీసా కూడా మానేశావు. ఆవిడ మీద కోపంతోనే ఇన్నేళ్ళూ ఈ ఉద్యోగం చేశాను. ఇవాళ చూస్తే, ఆ చెయ్యి నాదే."

అది జవాబిచ్చేలోపే మనవడు ఓ పక్కకు జారి, గడ్డం ఆనించి, నోరు పెద్దగా తెరిచి, తనంతట తానే పట్టుకున్నాడు. ముందు గబగబా చప్పరింపులు. తర్వాత నెమ్మదిగా, స్పష్టంగా, ఒక గుటక. ఇంకో గుటక. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి యాభై దాటాక మరిచిపోయాను. వంటింటి గుమ్మంలో అల్లుడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మర్నాడు పొద్దున కాటా వచ్చేదాకా వాడు అలా పదిసార్లు తాగాడు. అయినా ముల్లు ఆగేదాకా నేను పేము కుర్చీలోంచి కదల్లేదు. రెండు కిలోల ఏడువందల యాభై అయిదు.

"ముప్ఫై అయిదు పెరిగాడు. డబ్బా ఊసే అక్కర్లేదు," అంది కాటా. తర్వాత నాకేసి వింతగా చూసింది. "ఏం చేశావక్కా?"

"కూర్చున్నాను."

"అది కనబడుతోందిలే. చేతులేవీ?"

అప్పుడు చూసుకున్నాను. రెండు చేతులూ తొడల కిందే ఉన్నాయి. మా అమ్మాయి పకపకా నవ్వింది. పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఇంక తియ్యమ్మా. వీడికి త్రేన్పు రాలేదు, భుజాన వేసుకో." నేను చేతులు చాచాను. పేము గుర్తులతో ఎర్రగా కంది తిమ్మిరెక్కి ఉన్నాయి. వాణ్ణి నాకందిస్తూ అది నా చెవి దగ్గరికి వంగింది.

"నిన్న నువ్వన్నదానికి చెబుతున్నా. నువ్వంటే పడక కాదమ్మా. మెడ నొప్పెట్టి ఉంటుంది."

కాటా ముందు ఏడవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా ఏడ్చాను. మనవడి మెడ కింద చెయ్యి ఊరికే ఆనించి, ఇంకో చేత్తో వీపు నిమిరాను. వాడు నా భుజం మీద పెద్దగా త్రేన్చాడు.