ముత్తయ్య చక్కెర

ముత్తయ్య జైల్లో తాగి తూలుతున్నాడట. బొంబాయి కామాఠిపుర ఎనిమిదో గల్లీలో నల్లా దగ్గర శాంతాబాయి ఈ ముక్క చెప్పింది. ఆమెకు వర్లిలో ఉండే మరిది చెప్పాడట, ఆయనకు మొన్ననే విడుదలైనవాడెవడో చెప్పాడట.

"బయటున్నప్పుడు కల్లు వాసనే పడని మనిషి. లోపలికి పోయి నేర్సుకున్నడా?" అని నవ్వేసి రత్నాబాయి బిందె చంకనెత్తుకుంది. కాని మొగుడు తూలుతున్నాడన్న మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. పనిచేసే బిల్డింగు సైటులో ఇనుము పోయిన కేసులో ఆయన్ని పట్టుకుపోయి మూడు నెలలైంది, విచారణ ఇంకా మొదలే కాలేదు. మర్నాడు ఆయన పాత ఆసుపత్రి కాగితం సంచిలో పెట్టుకుని ములాఖాత్‌కు పోయింది.

అద్దానికి అవతల ముత్తయ్య ఫోను ఎత్తాడు.

"ఏమయ్యా, తాగుతున్నవా?"

"తాగుడు యాడిదే! తలతిరుగుడు గోలీలు ఇస్తుండ్రు. అవి మింగినంకనే తిరుగుతున్నది."

"నీకున్నది షుగర్ గదా! ఏమని చెప్పినవ్?"

"చక్కెరనే చెప్పిన. 'చక్కర్ హై సాబ్' అని రోజూ మొత్తుకుంటున్న. మొత్తుకున్నప్పుడల్లా ఇంకో గోలీ పెంచుతుండ్రు."

ఇక్కడి హిందీలో చక్కర్ అంటే తల తిరగడం. పాలమూరు మనిషి చక్కెర జబ్బు బొంబాయి జైల్లో తలతిరుగుడైపోయిందన్నమాట! రత్నాబాయికి నవ్వాగలేదు. ఆమెను చూసి ఆయనా నవ్వాడు, నవ్వుతూనే కుడికాలు పైకెత్తి చూపాడు. బొటనవేలు పుండుపడి నల్లబడుతోంది. ఆమె ఫోను పెట్టేసి లేచింది.

జైలు డాక్టరు గది ముందు జవాను అడ్డం నిలబడ్డాడు. "సాఖర్! మా ఆయనకున్నది సాఖర్!" అని చక్కెరను మరాఠీలో చెబుతూ ఆమె పెట్టిన కేకకు డాక్టరే బయటికొచ్చాడు. కాగితం చదివి, రిజిస్టరు తెప్పించి, "చక్కర్... చక్కర్... చక్కర్..." అని పేజీలు తిప్పుతూ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. జవానుతో సహా అందరూ పగలబడి నవ్వారు. ముత్తయ్యను పిలిపించి వేలికి సూది గుచ్చితే నాలుగు వందల పది. అప్పటికప్పుడు మందు మార్చి, పుండు కడిగి కట్టు కట్టి, ఇవాళే పెద్దాసుపత్రికి పంపమని చీటీ రాశాడు.

"సమయానికొచ్చావు మావశీ, వేలు దక్కుతుంది," అన్నాడు డాక్టరు, పిన్నిని పిలిచినట్టు.

రత్నాబాయి ఆ చీటీని కళ్లకద్దుకుని, ముద్దు కూడా పెట్టుకుని, సంతకం కోసం జైలరు బల్ల మీద పెట్టింది. ఆయన మూతి ముడిచాడు.

"ఒక ఖైదీ కాలివేలికి బండి, ఇద్దరు పోలీసులా? ఇది జైలనుకున్నావా, అత్తారిల్లనుకున్నావా?"

"కోర్టు జైల్ల ఉంచమన్నది సాబ్. కాలు తియ్యమన్లే."