మరకల బంతి

గాలి కొట్టే పంపు మూడోసారి కూడా తుస్సుమనేసరికి ధనుంజయ్‌కి ఒళ్లు మండిపోయింది. పంపుని తిట్టాడు. ఆ పంపు కొన్న గుమస్తాని తిట్టాడు. ఆ గుమస్తాకి ఉద్యోగమిచ్చినవాళ్లనీ వదల్లేదు. తెల్లారి అయిదున్నరకే ఇంతమందిని తిట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆ తర్వాత స్టోరు గది మెట్టు మీద కూలబడి, రెండు మోకాళ్లకీ సాగే పట్టీలు తొడుక్కుని, ఒక నొప్పి మాత్ర నీళ్లు లేకుండానే మింగి, ఈల మెడలో వేసుకున్నాడు.

ఆరడుగుల మూడంగుళాల మనిషి. నలభై ఒక్క ఏళ్లు. భుజాలు ఇంకా ఆటగాడివే, పొట్ట మాత్రం ఆట మానేసి చాలా కాలమైంది. ఒంటి మీద పధ్నాలుగో నంబరు జెర్సీ. చంకల దగ్గర రెండుసార్లు కుట్టించినది. కాశీబుగ్గ బజారులో వంకాయలు కొనడానికి వెళ్లినా అదే వేసుకుని వెళతాడు.

ఆ జెర్సీకి ఒక చరిత్ర ఉంది. కాకపోతే అతను చెప్పుకున్నంత పెద్దది కాదు. పదేళ్ల కిందట ఎవరో డబ్బున్నవాళ్లు దేశంలో బాస్కెట్‌బాల్ లీగు ఒకటి పెట్టారు. పన్నెండు మంది జట్టులో ఇతను పదకొండోవాడు. రెండు సీజన్లు కలిపి కోర్టు మీద గడిపింది నలభై నిమిషాలు. మిగతా కాలమంతా తువ్వాలు భుజాన వేసుకుని బెంచీ మీద చప్పట్లు కొట్టాడు. మూడో ఏడు లీగే మూతపడింది. ఆరు వారాల కోర్సు చేసి, సర్టిఫికెట్ చేతబట్టుకుని, పలాస వచ్చి ఒప్పందం మీద కోచ్ అయ్యాడు. "ప్రొఫెషనల్ ప్లేయర్‌ని" అని చెప్పుకుంటే, టీవీలో వచ్చే ఆటలన్నీ ఇతనే ఆడాడేమోనని జనం నోళ్లు వెళ్లబెట్టేవారు. ధనుంజయ్ కాదనేవాడు కాదు.

కోర్టులో సగం జీడిపిక్కలే. సిమెంటు నేల బాగా కాలుతుందని ఎవరో వ్యాపారి అక్కడ ఎండబోయిస్తాడు. కాపలాదారు అప్పలసూరి అడ్డు చెప్పడు. అందుకే పలాస ఆడపిల్లలకి సగం కోర్టు ఆటే వచ్చు. అవతలి సగంలోకి వెళితే దిక్కు తోచదు. ఆ పిక్కల వాసన ధనుంజయ్‌కి అస్సలు గిట్టదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంటాడు.

గిట్టకపోవడానికి కారణం ఎవరికీ చెప్పడు. తల్లి కన్నమ్మ ఇరవై రెండేళ్లు కాశీబుగ్గ ఫ్యాక్టరీలో జీడిపిక్కలు కొట్టింది. కొట్టినప్పుడు చిందే రసం వేళ్లని కాల్చి, తోలు ఊడదీసి, నల్లగా మిగిల్చేది. కొడుక్కి అన్నం చేత్తో కలిపి పెట్టడానికి జంకి, స్పూనుతో పెట్టేది. అతని మొదటి జత బూట్లు ఆ వేళ్లు కొన్నవే. లీగు రోజుల్లో పేపరువాళ్లు "మీ అమ్మగారు ఏం చేస్తారండీ?" అని అడిగితే "గృహిణి" అన్నాడు. ఆ కాగితాన్ని కన్నమ్మ ఎవరిచేతో చదివించుకుంది. విని, మడతపెట్టి, బియ్యం డబ్బాలో దాచుకుంది. నాలుగేళ్ల కిందట, ఆ చుట్టుపక్కల చాలామంది లాగే, కిడ్నీలు పోయి చచ్చిపోయింది.

"అల్లుడూ," అంటూ అప్పలసూరి చీపురు పట్టుకుని వచ్చాడు. "ఈరోజే గదా పేరు పంపీది? ఆ బిందు పేరు రాసీరాదా? పేరొత్తే ఇజయవాడ ఆటల హాస్టల్లో తిండీ, సదువూ అన్నీ ఆలే సూసుకుంతారు. రాకపోతే ఆలమ్మ సాయంత్రం బండికి సెన్నై పంపించీత్తాది. రొయ్యల కంపెనీలో పని మాటాడీసింది."

"మావా, ఇది ఆట. సత్రం కాదు."

"పిల్ల కష్టపడతాది, అల్లుడూ."

"కష్టం గాడిద కూడా పడతాది. దానికీ సీటు ఇప్పించీమంటావేటి?"

అప్పలసూరి చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పిల్లలు ఎనిమిదిమంది వచ్చారు. ధనుంజయ్ లెక్కలో అందులో ఏడుగురు దండగ, ఎనిమిదో ఆమె ఉదయశ్రీ. కాలేజీ లెక్చరరు కూతురు. తెల్ల బూట్లు, తెల్ల మేజోళ్లు, చేతులు కూడా అంతే శుభ్రం. ఆటా అలాగే శుభ్రంగా ఉండేది. చెమట పట్టేంత ఎప్పుడూ ఆడదు. బిందుమాధవి మాత్రం ఎప్పుడూ అందరికంటే ముందొచ్చి, ఎవరూ ముట్టుకోని పాత బంతి ఒకటి తీసుకుని, ఒంటరిగా బాస్కెట్ ఎదురుగా నిలబడి వేస్తూ ఉండేది. పదిహేడేళ్లు, తాడిచెట్టంత పొడుగు, మాట తక్కువ. ఆగినప్పుడల్లా చేతులు చున్నీలో దాచుకునేది. అదొక పొగరని ధనుంజయ్ అభిప్రాయం.

"వేళ్ల కొసలే! అరచెయ్యి తగలకూడదు! ఆరేళ్లుగా అరుత్తన్నాను, ఒక్కర్తికి బుర్రకెక్కిందేటే?" అని ఈల ఊదాడు. ఎంపిక మొదలైంది.

బిందుమాధవి మొదటి పాస్ జారవిడిచింది. రెండోదీ జారింది. మూడో బంతి వేళ్లకి తగలగానే చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి లాక్కుంది. బంతి దొర్లుకుంటూ వెళ్లి జీడిపిక్కల్లో పడింది.

"అవి సేతులా, సెక్కలా?"

పిల్ల తల దించుకుంది. మిగతావాళ్లు నవ్వారు. తన మాటకి నవ్వారని ధనుంజయ్‌కి కాస్త హుషారొచ్చింది. ఒంగి, బాస్కెట్ కింద పడి ఉన్న ఆ పాత బంతిని అందుకున్నాడు. మట్టీ, జిడ్డూ కలిసి నల్లగా అట్టకట్టి ఉంది.

"దీన్ని ఏ కాలవలో పొర్లించినారే? బంతి మీద మరక పడితే ఆరోజే ఇంటికి పంపించీత్తానని మొదటిరోజే సెప్పినానా, లేదా? ఎవర్తి పని ఇది?"



"నానే సార్," అంది బిందుమాధవి.

"ఇంటికి పట్టుకెళ్లి తోము. తళతళలాడాలి. సాయంత్రం తెచ్చి ఇయ్యి. తెచ్చీదాకా కోర్టులో అడుగెట్టకు."

ఆమె బంతిని పొట్టకి ఆనించుకుని, మోచేతులతో అదిమి పట్టుకుని వెళ్లింది. చేతులతో పట్టుకోలేదు. బంతి పట్టుకోవడం కూడా రాని మొహం అనుకున్నాడు ధనుంజయ్.

పది గంటల బస్సుకి టెక్కలి వెళ్లాడు. అక్కడొక ప్రైవేటు బడిలో పిల్లలచేత కవాతు చేయించడం అతని రెండో ఉద్యోగం. చేయించడమంటే ఎండలో వాళ్లు తిరుగుతుంటే నీడలో ఇతను ఈల ఊదడం. పధ్నాలుగు అంటే ఏమిటని ఒక పిల్లాడు జెర్సీ చూపించి అడిగితే, "నువ్వు పుట్టకముందు దేశమంతటికీ తెలుసురా ఆ నంబరు" అన్నాడు. పిల్లాడు నమ్మాడు. నమ్మినవాళ్లంటే ధనుంజయ్‌కి మరీ చులకన.

మధ్యాహ్నం బస్టాండు పక్క హోటల్లో పెసరట్టు తింటూ, ఎడంచేత్తో ఫోనులో ఫారం నింపాడు. జిల్లా నుంచి ఒక్క పేరు. ఉదయశ్రీ అని కొట్టాడు. "బంతి పట్టు" అన్న గడిలో "చాలా బాగుంది" అని కొట్టాడు. పంపించి, ఇంకో అట్టు చెప్పాడు. అట్టు వచ్చేలోపు బిందుమాధవి సంగతి మరిచిపోయాడు.

సాయంత్రం నాలుగున్నరకి ఆమె వచ్చింది. భుజాన బట్టల సంచి. స్టోరు గది మెట్టు మీద బంతి పెట్టింది.

"తోమినాను సార్. కొన్ని పోనేదు."

ధనుంజయ్ ఫోనులోంచి తల ఎత్తలేదు. ఊరి వాట్సాప్ గ్రూపులో తన పాత ఫొటో ఎవరో పెట్టారు. కింద ఎంతమంది దండం పెట్టారో చూసుకుంటున్నాడు.

"ఊఁ. అక్కడెట్టు."

"పేరు పంపీసారా, సార్?"

"పంపీసాను. ఉదయశ్రీది."

బిందుమాధవి బాస్కెట్ వైపు చూసింది. "అయితే నానెల్తన్నాను సార్," అంది.

"ఎల్లు. గేటేసి ఎల్లు, మేకలొత్తన్నాయి."

గేటు జాగ్రత్తగా వేసి, గొళ్లెం కూడా పెట్టి వెళ్లింది.

ఆరోజు సాయంత్రం ఆట సాగలేదు. ఉదయశ్రీ మిఠాయి పంచడంతోనే సరిపోయింది. అందరూ వెళ్లాక బంతులన్నీ సంచిలో వేస్తూ మెట్టు మీది బంతి అందుకున్నాడు. తడి ఆరింది. సబ్బు వాసన వస్తోంది. సబ్బు కింద ఇంకో వాసన. జీడి వాసన.

మట్టి మొత్తం పోయింది. మరకలు మాత్రం పోలేదు. జీడి రసం తోమితే పోయేది కాదని అతనికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పది నల్ల మచ్చలు. కుడిచేతివి అయిదు, కుట్టు గీత మీద పరుచుకుని. ఎడమచేతివి అయిదు, పక్కన ఆసరాగా. నెలల తరబడి ప్రతిసారీ అదే చోట పట్టుకుంటే తప్ప అలా పడవు. ధనుంజయ్ తన వేళ్లు వాటి మీద పెట్టాడు. ఒక్కొక్కటీ దాని చోట కూర్చుంది. ఇరవై ఏళ్లు ఆడినా తన పట్టు ఇంత కచ్చితంగా ఎన్నడూ పడలేదు. అందుకే బెంచీ మీద కూర్చున్నాడు. ఆ నిజం ఇవాళ కొత్తగా తెలిసింది కాదు, ఇవాళ ఒప్పుకున్నాడు, అంతే.

"మావా!" అని అరిచాడు. "ఆ పిల్ల... పిక్కలు కొడతాదేటి?"

అప్పలసూరి విడ్డూరంగా చూశాడు. "నీకు తెల్దేటి? రెండేళ్లయిపోనాది. రాత్రి మూడింటికి లెగిసి ఎల్తాది. మీ అమ్మ కూకున్న వరసలోనే కూకుంతాది. ఏళ్లకి తోలు నేదు. నువ్వు మరకలంటే పంపీత్తావని ఎవలికీ సూపించీది కాదు. నీకు తెలిసే తిడతన్నావనుకున్నాను గదా, అల్లుడూ!"

ధనుంజయ్ ఫోను తీసి, జిల్లా ఆఫీసుకి కొట్టాడు. అవతలి మనిషి ఆవులించి, అయిదింటికే జాబితా మూసేశామనీ, అయినా బంతి పట్టు చాలా బాగుందని మీరే రాశారు కదా అనీ అన్నాడు.

"మావా, సెన్నై బండి ఎన్నింటికి?"

"అదిగో," అన్నాడు అప్పలసూరి.

స్టేషను వైపు నుంచి కూత వినిపించింది. ధనుంజయ్ గేటు దాకా పరిగెత్తబోయాడు. మోకాళ్లు సహకరించలేదు. గొళ్లెం దగ్గరే ఆగిపోయాడు. ఆమె పెట్టి వెళ్లిన గొళ్లెం అది. ఎవరినైనా తిడదామని చూశాడు. ఎవరూ దొరకలేదు.

జెర్సీ విప్పి స్టోరు గది మేకుకి తగిలించి, బనీనుతోనే ఇంటికి బయల్దేరాడు. బంతిని సంచిలో వెయ్యడానికి చేతులు రాలేదు. మెట్టు మీదే ఉండిపోయింది. పది వేళ్ల నల్ల గుర్తులతో, అరచేతుల చోటు మాత్రం ఒక్క మరకైనా లేకుండా.