దిబ్బల మీద మేత

ఎనాక్ టెబట్ గొర్రెలు మేపే బీడంతా దిబ్బలే. ఒకప్పుడు అక్కడ ఊరుండేది. గోడలు పోయి మట్టిగట్లు మిగిలాయి, వీధి పోయి పల్లం మిగిలింది, అన్నింటి మీదా పచ్చగడ్డి. మహమ్మారి వచ్చి ఊరినంతా ఊడ్చుకుపోయిందని ఆ చుట్టుపక్కల ఏ పిల్లాడినడిగినా చెబుతాడు. ఎనాక్ కూడా అదే చెప్పి, పోయినవాళ్ళ నేల గొర్రెకి భలే బలమని నవ్వేవాడు. మూడు తరాలుగా ఆ కౌలు ఎనాక్ కుటుంబానిదే మరి, ఎందుకు నవ్వడూ!

ఆ ఏడు ఎస్టేటు దొరగారి మనసు బార్లీ మీదికి మళ్ళింది. గొర్రెల్లో లాభం లేదట. మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. బుల్డోజరు వచ్చి దిబ్బల్నీ, పక్కనే ఉన్న ఎనాక్ ఇంటినీ కలిపి చదును చేస్తుంది.

కబురు తెచ్చిన మేనేజరు పాల్‌ఫ్రీని ఎనాక్ బతిమాలుకున్నాడు.

"పొలం తీసుకోండి బాబూ. ఇల్లొక్కటీ వదిలెయ్యండి. నేనూ మా ఆవిడా ఓ మూల పడుంటాం."

"నా చేతుల్లో ఏముంది టెబట్ గారూ? ఎప్పుడూ ఉన్నదేగా! ఆ దిబ్బలవాళ్ళనీ ఇలాగే పంపించారు."

"వాళ్ళు రోగమొచ్చి పోయారు!"

"ఎవరన్నారు? నిక్షేపంలా ఉండేవాళ్ళు. గొర్రెలకి మేత కావాలని అప్పటి దొర వెళ్ళగొట్టాడు."

ఎనాక్‌కి ఒళ్ళు మండిపోయింది. "అబద్ధం!" అని తలుపు ధడాలున వేశాడు. కానీ ఆ మాట లోపల కలుక్కుమంటూనే ఉంది.

ఖాళీ చేసే రోజు రానే వచ్చింది. గొర్రెలు ముందే సంతకి పోయాయి, సామాను లారీ ఎక్కింది. భార్య విన్నీ మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని వంటింటి రాతినేల తోముతోంది.

"మతిగానీ పోయిందా? రేపు కూల్చే కొంపకి తోముడెందుకే?"

"కూల్చుకుంటారో ఏం చేసుకుంటారో వాళ్ళిష్టం. మురికిగా వదిలిపోయిందని నన్నెవరూ అనకూడదు. కాళ్ళు తియ్, అక్కడ తడి."

ఎనాక్ గడపలోకి జరిగాడు. ఎదురుగా ఖాళీ బీడు, ఒక్క గొర్రె లేదు. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది.

"విన్నీ, ఆ దిబ్బల్లోని ఆడవాళ్ళు కూడా ఇల్లు కడిగే పోయుంటారంటావా?"

విన్నీ తల ఎత్తలేదు.

"కడగకుండా ఎలా పోతారయ్యా? అంత కడిగినా తర్వాత దిగింది మన గొర్రెలేనాయె."

ఎనాక్ బకెట్ అందుకుని, నేల కడగడానికి శుభ్రమైన నీళ్ళు పట్టి తేవడానికి పంపు దగ్గరికి నడిచాడు.